చుక్క తగ్గని దొంగతనం

సీసాలో ఒక్క చుక్క కూడా తగ్గలేదు.

లక్ష్మీనర్సయ్య ఆ చిటికెన వేలంత గాజుసీసాను కిటికీ వెలుగుకు ఎత్తి మూడోసారి చూశాడు. నిన్న సాయంత్రం వనిత నీలం పెన్నుతో గీత గీసింది. ఇప్పుడు పన్నెండుంపది. పొద్దున పరీక్షకు తీసిన రెండు చుక్కలు పోను ద్రవం గీత దగ్గరే ఉంది. సీసా ఉంది, మూత ఉంది, నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో ఉండాల్సిన సత్తువ మాత్రం లేదు.

"ఏం చూస్తున్నవ్ అంకల్? అదేమన్న నూలు కోనా, సంకల పెట్టుకొని పోనీకి?" అన్నాడు సచిన్.

సచిన్‌ది ఠాణేలో డిటెక్టివ్ ఆఫీసు. ఎమ్మెస్సీ. అతని కార్డు మీద పేరు కంటే పేరు వెనకున్న అక్షరాలే ఎక్కువ. లక్ష్మీనర్సయ్య కార్డు మీద పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి, అంతే. ఆరో తరగతితో బడి మానినవాడి పేరు వెనక రాయడానికి ఏముంటుంది? పద్దెనిమిదేళ్ళు సాంచలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్ పని, తర్వాత పదకొండేళ్ళుగా నూలు దొంగలను పట్టే పని. భివండీలో సేఠ్‌లు అవసరం పడితే అతన్ని పిలుస్తారు, అవసరం తీరితే మరిచిపోతారు.

ఇవాళ పిలిచింది సేఠ్ కాదు. కామత్‌ఘర్‌లో సాంచా నడిపే మల్లవ్వ కూతురు వనిత.

అంజూర్ ఫాటాలో ఈ గోదాం వెనకభాగం ఆమె ప్రయోగశాల. నేసేటప్పుడు దారం తెగకుండా పడుగుకు గంజి పట్టిస్తారు. రంగు వేసే ముందు ఆ గంజంతా వదిలించాలి. గంజిని తినేసే ప్రొటీన్‌ను వనిత బ్యాక్టీరియా చేత చేయించింది. నిన్న సాయంత్రం ఆరింటికి ఇదే సీసాలోంచి గంజి గుడ్డ మీద ఒక చుక్క వేసి, ఐదు నిమిషాలాగి అయొడిన్ పోస్తే, గుడ్డంతా నీలమై ఆ చుక్క పడ్డచోటు మాత్రం మల్లెపువ్వులా తెల్లగా మిగిలింది. అందరూ చూశారు. ఇవాళ తొమ్మిదిన్నరకు అదే సీసా, అదే గుడ్డ. మొత్తం నీలం.

నాలుగింటికి ఇరవైమంది రంగుల కార్ఖానాల యజమానులు వస్తున్నారు. వాళ్ళ ముందే సచిన్ తన రిపోర్టు చదువుతాడు. అందులో ఉన్నది ఒకే మాట: మోసం. ఆ మాట పడితే వనిత పేరు పోతుంది. పేరుతోపాటు ఆమె కనిపెట్టిన పద్ధతీ పోతుంది. మోసమని తేలితే అంతా భాగస్వామికే చెందుతుందని ఒప్పంద కాగితంలో ఉంది.

ఆ భాగస్వామి శ్రీరాములు సేఠ్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. తెల్లచొక్కా, పాదాల మధ్య ఎప్పటి స్టీలు ఫ్లాస్కు. సచిన్‌ను రప్పించింది ఆయనే. ఒకప్పుడు నిజాంపురాలో ఈయన ఎనిమిది సాంచల కార్ఖానాలోనే లక్ష్మీనర్సయ్య జాబర్. సర్టిఫికెట్ ఉన్న పిల్లవాడు దొరగ్గానే, పన్నెండేళ్ళు చేసిన జాబర్‌ను పండుగ ముందురోజు బయటికి పంపింది కూడా ఈయనే.

"సేఠ్, గొంతెండింది. జర మీ ఐసు నీళ్ళు పోయిండ్రి," అన్నాడు లక్ష్మీనర్సయ్య.

శ్రీరాములు ఐసు నీళ్ళు తాగనివాళ్ళు భివండీలో తక్కువ. శత్రువు వచ్చినా ముందు ఫ్లాస్కు మూతలో నీళ్ళు పోసిచ్చి తర్వాతే తిడతాడు.

"ఖాళీ అయింది లచ్చన్నా." ఆయన ఫ్లాస్కును కాలితో కుర్చీ కిందికి జరిపాడు. లోపల ఐసుముక్క ఒకటి గలగలమంది. "కొమురయ్యా, ఎదురుంగ పోయి ఐదు చాయ్‌లు, ఒక నీళ్ళ బాటిల్ పట్టుకరా."

ప్రయోగశాల ఊడ్చి తాళాలు చూసే ముసలి కొమురయ్య కిటికీలోంచి తంబాకు ఉమ్మి, గోధుమరంగు పెదాలు తుడుచుకుంటూ వెళ్ళాడు. అప్పుడు పన్నెండున్నర.

లక్ష్మీనర్సయ్య వనిత వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కాని ఏడవడంలేదు ఆ పిల్ల.

"బిడ్డా, గీ ప్రొటీన్‌ను శుద్ధి ఎట్ల చేస్తవ్? నేను చదువుకోలే. నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"బ్యాక్టీరియాను పగలగొడితే అందుల వెయ్యి రకాలు ఉంటయి కాకా. మనకు కావాల్సింది ఒక్కటే. అందుకే దాని కొసకు ఓ తోక పెట్టిన." ఆమె ఒక గొట్టం తీసి ఊపింది. లోపల కాఫీ డికాషన్‌లాంటి నల్లటి నీళ్ళు. "ఇది ఇనుప ఆక్సైడ్ పొడి. ఒక పత్తిపోగు మందంల ఇసొంటియి వెయ్యి పక్కపక్కన పడతయి, అంత సన్నం. ఒక్కోదాని మీద నికెల్ కొక్కాలున్నయి. తోకున్నది కొక్కానికి చిక్కుతది, లేనిది చిక్కదు. తర్వాత ఇగో."

గొట్టం పక్కన అయస్కాంతం పెట్టింది. రెండు నిమిషాల్లో నలుపంతా ఒక గోడకు చేరి, నీళ్ళు తేటబడ్డాయి.

"నీళ్ళు పారబోస్త, కడుగుత. వదిలించే మందు పోస్తె ప్రొటీన్ కొక్కం విడుస్తది. అదే ఈ సీసాల ఉన్నది. ఆఖరుకు ఆ మందు గూడ తీసేస్త."

"అయస్కాంతం తీస్తె నల్లపొడి ముద్ద కడతదా?"

"కట్టదు. జర ఊపితే మల్ల విడిపోతది. ఇనుపరజనైతే ముద్దగనే ఉంటది. దీని గొప్పంత అక్కడనే ఉంది కాకా. భివండీల చేసింది ఎవ్వలు లేరు." చివరి మాటకు ఆమె తల కొద్దిగా లేచింది. అవమానం నెత్తిమీద కూర్చున్నా పనితనం తల వంచదు. లక్ష్మీనర్సయ్యకు ఆ పిల్ల అక్కడ నచ్చింది.

"తయారైన ప్రొటీన్‌ల మల్ల పొడి వేస్తె?"

"వదిలించే మందు లేదు గద, మల్ల చిక్కుతది. కాని ఎవరేస్తరు?"

అతను అయస్కాంతాన్ని తీసుకుని నీలం గీత ఉన్న ఆ సీసాకు ఆనించి బల్ల మీద పెట్టాడు. గడియారం చూసి కూర్చున్నాడు.

"అంకల్, పూజ జేస్తున్నవా?" అన్నాడు సచిన్.

"నూలు దొంగల గురించి ఎరుకనా సారూ నీకు?"

"మీ లెవెల్ కేసులు నేను తీసుకోను."

"అందుకే చెప్తున్న. బస్తాల నుంచి నాలుగు కోన్లు మాయమైతయి. తూకమేస్తె తూకం సరింగనే ఉంటది. సేఠ్ ఖుష్. ఎందుకంటె దొంగ మిగిలిన నూలుకు నీళ్ళు కొట్టి పోయిండు. తూకం తగ్గలేదంటె దొంగతనం కాలేదని కాదు. దొంగకు మన తూకం ఎరుకని అర్థం."

పది నిమిషాలయ్యాయి. లక్ష్మీనర్సయ్య సీసాను కదపకుండా వంగి చూశాడు. వనితను పిలిచాడు. అయస్కాంతం ఆనిన చోట గాజుకు లోపలివైపు, తల వెంట్రుకంత సన్నగా, నల్లటి గీత ఏర్పడింది.

వనిత నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "నేను తీసిన మాల్‌ల నలుపుండదు కాకా. మూడుసార్లు చూస్త."

"నాలుగోసారి చూడలేదేమో," అన్నాడు సచిన్. "వాషింగ్ సరిగ్గ చేయకపోతే పొడి మిగిలిపోతది. ఫస్ట్ ఇయర్ పోరగాండ్లు చేసే తప్పు."

"నిన్నటి గుడ్డ ఉందా బిడ్డా?"

ఉంది. నిన్నటి ముక్క, ఇవాళ్టి ముక్క రెండూ తీగకు క్లిప్పులతో వేలాడుతున్నాయి. లక్ష్మీనర్సయ్య వాటిని కిటికీకి అడ్డంగా పట్టాడు. డాగు వెతకడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. యాభై మీటర్ల బట్ట తాకాలో ఆవగింజంత నూనెచుక్క కోసం సేఠ్‌లు కూలి కోసేవారు. ఆ చుక్కను సేఠ్ కంటే ముందు చూడడం మీద ఇంట్లో పొయ్యి వెలిగేది.

"నిన్నటిది సాఫ్. ఇయ్యాల్టి చుక్క అంచుకు చూడు, బూడిదరంగు రింగు. నిన్న ఆరింటికి లేని పొడి ఇయ్యాల తొమ్మిదిన్నరకు ఎట్లొచ్చింది సారూ?"

సచిన్ గుడ్డలు లాక్కుని తన భూతద్దంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒప్పుకోవడం అతనికి కొత్త.

"చలో, పొడి తర్వాత పడ్డది. ఆమెనే వేసి ఉండచ్చు. నా దగ్గర అసలు పాయింట్ వేరే ఉంది." మైక్రోస్కోప్ వైపు వేలు చూపించాడు. "పొద్దున ఈ సీసా నీళ్ళు అందుల పెట్టి చూసిన. మనిషి నోటి లోపలి కణాలు. మతలబ్, ఉమ్మి. ఉమ్మి గూడ గంజిని తింటది, ఇది స్కూల్ పిల్లలకు గూడ తెలుసు. నిన్న బజార్‌ల కొన్న మందుతోని నాటకమాడింది. ఇయ్యాల మాల్ లేక ఉమ్మి కలిపి చూసింది. అది గూడ సరిగ్గ పనిచేయలే."

వనిత మొహం కందిపోయింది. "నా పనిల నేను ఉమ్మేస్తనా? మా అమ్మ నాడెకు నోరు పెట్టీ పెట్టీ పండ్లు పోగొట్టుకున్నది. ఆ నోటి బతుకు వద్దని నన్ను చదివించింది."

లక్ష్మీనర్సయ్య చటుక్కున తలెత్తాడు. నోరు. నాడె. ఎదుట సీసా. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు.

"నిన్న ఆరు తర్వాత ఏం జేసినవ్?"

"ఆరున్నరకు సీసా ఫ్రిజ్‌ల పెట్టిన. కొలిచి పీల్చే పిపెట్లన్ని సొరుగుల పెట్టి తాళమేసిన, రోజూ వేస్త. సొరుగు చెవి నా మెడ గొలుసుకే ఉంటది."

"గది తాళంచెవులు?"

"నా దగ్గర, శ్రీరాములు మామ దగ్గర, కొమురయ్య తాత దగ్గర. పంకజ్‌కు లేదు." పంకజ్ ఆమె దగ్గర పనిచేసే కుర్రాడు. ఇవాళ ఒంట్లో బాగాలేదని రాలేదు.

"సేఠ్, మీరెప్పుడొచ్చిండ్రు?"

"ఏడున్నరకు." శ్రీరాములు వాచీ వైపు చూడకుండానే చెప్పాడు. "కొమురయ్య ఏడుంపదికి తెరిచిండు. మీటింగుకు కుర్చీల కోసం వాన్ని కామత్‌ఘర్ పంపిన. ఎనిమిదింబావుకు వచ్చిండు. ఏంది లచ్చన్నా, నన్ను గూడ అడుగుతున్నవా?"

"ఇరవై నిమిషాలు కొమురయ్య ఒక్కడు. ముప్పావు గంట మీరొక్కరు. తొమ్మిదికి వనిత."

"ఇరవై నిమిషాలు చాలు," అన్నాడు సచిన్ వెంటనే. "పొడి వేసుడు, అయస్కాంతం పెట్టుడు, ప్రొటీన్ పట్టిన నలుపును తీసుకపోవుడు. నీళ్ళు నీళ్ళ లెక్కనే ఉంటయి. రైట్?"

"రైట్. శభాష్ సారూ." లక్ష్మీనర్సయ్య నిజంగానే మెచ్చుకున్నాడు. "ఇప్పుడు ఒక్క మాట చెప్పు. నలుపు గోడకు అంటుకున్నది. తేటనీళ్ళను వేరే దాంట్లకు తీయాలె, నలుపును కడిగి తీసుకోవాలె, మల్ల నీళ్ళు సీసాల పోయాలె. పిపెట్లు సొరుగుల. సొరుగుకు తాళం. దేంతోటి తీసిండు?"

"ఏదన్న సన్న గొట్టంతోటి. జ్యూస్ తాగే స్ట్రా."

"దాన్ని పీల్చాలంటె?"

సచిన్ మెల్లగా అన్నాడు. "నోరు పెట్టాలె. కాని ల్యాబ్‌ల చదివినోడు ఎవ్వడు నోరు పెట్టడు. ఫస్ట్ డే చెప్పే రూల్ అది."

"చదివినోడు పెట్టడు. మేం పెడతం."

లక్ష్మీనర్సయ్య సంచిలోంచి ఒక పాత నాడె తీశాడు. సాంచా మీద అటూ ఇటూ దూకే కర్ర నాడె, కొసలకు ఇత్తడి ముక్కులు. కడుపులో నూలు కండె. పక్కన శనగగింజంత కన్ను. కండె మార్చినప్పుడల్లా దారం కొస ఆ కంట్లోంచి బయటికి రావాలి. చేత్తో తీస్తే అరనిమిషం. కంటికి నోరు పెట్టి పీలిస్తే రెప్పపాటు. అలా రోజుకు మూడువందలసార్లు పీల్చి, పత్తిదూది మింగి, దగ్గి దగ్గి పోయినవాళ్ళు కామత్‌ఘర్‌లో గల్లీకి నలుగురు.

"కొమురయ్య గూడ సాంచా నడిపినోడే," అన్నాడు సచిన్. "ఖేల్ ఖతం."

"ఆగు." లక్ష్మీనర్సయ్య నాడెను బల్ల మీద పెట్టాడు. "నేనైతె రెండు పీల్పులకు తీస్తుంటి. నిజాంపురాల ఒక్క పీల్పుకు తీసే మొగోడు ఒక్కడే ఉండె. ఇప్పుడు సేఠైండు, ఊపిరి ఉండకపోవచ్చు."

శ్రీరాములు నవ్వాడు. ఆ నవ్వులో ముప్పై ఏళ్ళ కిందటి మనిషి కనిపించాడు. లేచి వచ్చి నాడె అందుకుని, బొటనవేలితో కండెను నొక్కిపట్టి, కంటికి పెదవులు ఆనించాడు. ఒక్క జుర్రు. దారం కొస ఆయన పెదాల మధ్య తెల్లగా మెరిసింది.

"పన్నెండేండ్లు పీల్చిన," అన్నాడు గర్వంగా. "చెయ్యి మరిచిపోతదేమో, నోరు మరిచిపోదు లచ్చన్నా."

"మరిచిపోలేదు. ఇయ్యాల పొద్దుగాల గూడ గట్లనే పీల్చిండ్రు."

శ్రీరాములు నాడెను బల్ల మీద పెట్టి, వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"కొమురయ్య నోట్ల తంబాకు లేని గడియ లేదు," అన్నాడు లక్ష్మీనర్సయ్య. "ఆయన మూతి పెట్టిన నీళ్ళు గోధుమరంగైతయి. ఈ నీళ్ళు తేటగున్నయి. తంబాకు ముట్టని సాంచలోడు, ముప్పావు గంట ఒంటరిగ ఉన్నోడు, ఆర్నెల్లు వనిత పక్కన నిలవడి పద్ధతి చూసినోడు ఒక్కరే. సీసనే ఎత్తుకపోతే దొంగతనమైతుండె, ఊరు ఆడపిల్ల దిక్కు నిలవడుతుండె. సీస నిండ నీళ్ళుంచి పోతేనే ఆమె మోసగత్తె అయితది. నూలుకు నీళ్ళు కొట్టుడు మీ కార్ఖానలనే నేర్చిన సేఠ్."

"నోరు జారుతున్నవ్. సాక్ష్యం?"

"గొంతెండిన నా దూప. చెరువు లెక్క నీళ్ళు పోసే మనిషి ఇయ్యాల బాటిల్ కొనుక్కరమ్మన్నడు. ఖాళీ ఫ్లాస్కుల ఐసు గలగలమన్నది."

శ్రీరాములు చెయ్యి కుర్చీ కిందికి పోయేలోపే ఫ్లాస్కును అందుకున్నది లక్ష్మీనర్సయ్య కాదు, సచిన్. పొద్దుటినుంచీ తను ఎవరి తరఫున తిరుగుతున్నాడో అప్పుడే అర్థమైనవాడి మొహం అతనిది. మూత తిప్పి బేసిన్‌లో వంచాడు. నీళ్ళు, ఐసు. ఆఖరుకు మూతబిగించిన సన్నటి గొట్టం జారిపడింది. అడుగున నలుపు.

"లోహభస్మం," అన్నాడు శ్రీరాములు. "షుగర్‌కు వైద్యుడిచ్చిండు. సల్లగ పెట్టాలన్నడు."

"మందైతె మంచిదే. చూడు బిడ్డా."

వనిత గొట్టానికి అయస్కాంతం ఆనించింది. నలుపంతా గోడకు పాకింది. తీసి ఒక్కసారి ఊపింది. ముద్ద కట్టలేదు. కాఫీరంగు మేఘంలా విచ్చుకుని గొట్టమంతా నిండింది. మరోసారి అయస్కాంతం, మరోసారి తేట. తేట పారబోసి, వదిలించే మందు పోసింది. పది నిమిషాల తర్వాత సొరుగు తాళం తీసి, పిపెట్‌తో ఒక చుక్క కొత్త గంజి గుడ్డ మీద వేసింది. ఐదు నిమిషాలాగి అయొడిన్ పోసింది. గుడ్డంతా నీలం కమ్ముకుంది, ఆ చుక్క పడ్డచోటు తప్ప. అక్కడ రూపాయి బిళ్ళంత తెలుపు.

సచిన్ తన రిపోర్టును నాలుగు ముక్కలు చేశాడు. "అంకల్, ఎంతదాక చదివిండ్రు?"

"ఆరు. అది గూడ పరీక్ష రాయలే."

ఆ మాట చెప్పడానికి లక్ష్మీనర్సయ్య ముప్పై ఏళ్ళుగా తల దించుకునేవాడు. ఇవాళ దించలేదు.

శ్రీరాములు మాత్రం ఓడినవాడిలా లేడు. "చుక్క దొరికింది, సంబురపడుండ్రి," అన్నాడు నిదానంగా. "చుక్క పంట లచ్చన్నా. విత్తనమెక్కడని అడగవేంది?"

వనిత డీప్ ఫ్రీజర్ వైపు ఉరికింది. ఆ ప్రొటీన్‌ను చేసే బ్యాక్టీరియా గొట్టాలు ఉండే అర. పై మంచు అలాగే ఉంది. అర ఖాళీ.

అప్పుడే లక్ష్మీనర్సయ్యకు ఇంకొకటి తట్టింది. ఒంటిగంట ఇరవై. ఎదురుగా ఉన్న కొట్టుకు చాయ్ కోసం వెళ్ళిన కొమురయ్య యాభై నిమిషాలైనా రాలేదు.

బల్ల మీద శ్రీరాములు ఫోన్ మోగింది. పంకజ్. సచిన్ సేఠ్ భుజం నొక్కిపట్టి నోటిమీద చెయ్యి వేశాడు. లక్ష్మీనర్సయ్య స్పీకర్ నొక్కాడు.

"సేఠ్, విత్తనం డబ్బ నా దగ్గర్నే ఉంది. టెంపో రెండింటికి వస్తది. లేకిన్ ఒక లఫ్‌డా అయింది. మీరు డబ్బ దాపెట్టిన కాడికెళ్ళి తీస్తుంటె చాయ్ కొట్టుకాడ ముసలోడు చూసిండు. ఎత్తుకొచ్చి ఈడ కూసోబెట్టిన. వీన్ని ఏం జేయాలె?"

ముప్పై ఏళ్ళు సేఠ్‌ల తిట్లు తిన్న చెవికి ఆ గొంతు ఎలా పలకాలో తెలుసు. లక్ష్మీనర్సయ్య ముక్కుతో, విసుగ్గా అన్నాడు. "చెయ్యి వెయ్యకు. నేనొస్తున్న."

"రెండుదాక చూస్త సేఠ్. అవతల నా పూచీ లేదు." లైను తెగింది.

"ఎక్కడని అడగలేదు మీరు," అన్నాడు సచిన్, పాలిపోయి. "భివండీల వేల గోదాములున్నయి. ఎక్కడని వెతుకుతం?"

"అడిగితే మనం సేఠ్ కాదని ఎరుకైతుండె." లక్ష్మీనర్సయ్య అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. "ఫోన్‌ల వెనక సాంచలు వినలేదా? ఎనిమిది. మూడోది దెబ్బ ఆలస్యంగ కొడుతున్నది. టక్కు, ఠక. టక్కు, ఠక. మూడోదానికి టక్కు... ఠక."

శ్రీరాములు మొహంలో నెత్తురు మొదటిసారి ఇంకిపోయింది.

"నేనున్నప్పుడు దాని తోలుపట్టీ నేనే బిగించి నడిపిస్తుంటి. సర్టిఫికెటోడు ఇయ్యాల్టిదాక సరిచేయలేకపోయిండు," అన్నాడు లక్ష్మీనర్సయ్య తలుపు తీస్తూ. "నిజాంపురా. చల్ సారూ, నలభై నిమిషాలున్నయి."